చెరగని పలక, ప్రియదర్శిని పెట్టె

1

డిజిటల్ సాంకేతికత కళను మారుస్తోందా లేదా అన్నది ఇవాళ చర్చించవలసిన ప్రశ్న కాదు. మారుస్తోంది. కథ ఫోనులో చదువుతున్నాం, కవిత ఫోనులోనే రాస్తున్నాం, నాటకాన్ని అరచేతిలో చూస్తున్నాం. చర్చించవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఈ మార్పు ఎవరి యాజమాన్యం కింద జరుగుతోంది? ఎవరి శ్రమ మీద జరుగుతోంది? అందులో కళాకారుడికీ ప్రేక్షకుడికీ మిగిలే చోటేమిటి?

ఈ ప్రశ్నలు వేయకుండా మాట్లాడేవాళ్ళు రెండు రకాలుగా కనిపిస్తున్నారు. యంత్రం వచ్చింది, కళ చచ్చింది అని వాపోయేవాళ్ళు ఒక రకం. వీళ్ళ దృష్టిలో కళ అంటే చేత్తో చేసేది, మనిషి ఎదుట మనిషి చేసేది. దానికీ యంత్రానికీ పుట్టు వైరం. చేతిలో ఫోనున్న ప్రతివాడూ కళాకారుడే, ఇంతకన్నా ప్రజాస్వామ్యం ఏముంటుందని పొంగిపోయేవాళ్ళు రెండో రకం. మొదటిది గతాన్ని తలచుకుని నిట్టూర్చే భావవాదం. రెండోది కంపెనీ ప్రకటననే సిద్ధాంతంగా నమ్మే అమాయకత్వం. పైకి ఎదురెదురుగా నిలబడ్డట్టు కనిపించే ఈ రెండు వాదాల పునాది ఒక్కటే. రెండూ సాధనాన్ని చూస్తాయి, సాధనం చుట్టూ అల్లుకున్న ఉత్పత్తి సంబంధాలను చూడవు.

2

మన కళాచరిత్ర మొదటి వాదాన్ని ఒప్పుకోదు. తోలును వెలుగు దూరేంత పలచగా సాపుచేసి, రంగులద్ది, కీళ్ళు కట్టి, వెనక దీపం పెట్టి తెల్లగుడ్డ మీద ఆడించడం సాంకేతికత కాక మరేమిటి? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి సమాజాలు మనుషుల్ని తీగెల మీద గాలిలో తేల్చాయి, రెప్పపాటులో తెరలు మార్చి అడవిని అంతఃపురం చేశాయి. వర్చువల్ అని ఇవాళ కొత్తగా పేరు పెట్టుకున్నదాన్ని మన జనం మాయ అనే పేరుతో తరతరాలుగా ఎరుగుదురు. మయసభ కథ తెలిసిన ప్రేక్షకుడికి లేని నేల మీద నడవడం వింత కాదు.

ఆ మాయకు సినిమా ఇచ్చిన గొప్ప రూపం 1957 నాటి మాయాబజార్. కె.వి.రెడ్డి దర్శకత్వంలో, మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణంలో, నలుపు తెలుపుల్లో తయారైన ఆ చిత్రానికి 2010లో కంప్యూటర్ల సాయంతో రంగులద్ది, శబ్దాన్ని కొత్త పద్ధతిలోకి మార్చి మళ్ళీ విడుదల చేశారు. ఒక కొత్త తరం దాన్ని థియేటర్లో చూసింది. ఆ లాభాన్ని కాదనలేం. కాని బార్ట్లీ వెన్నెలను చూపింది నలుపుకూ తెలుపుకూ మధ్య ఉన్న అనేక మెట్లలో. అది రంగు దొరకక చేసుకున్న సర్దుబాటుగా మిగిలిపోలేదు, ఒక భాషగా ఎదిగింది. దాని మీద రంగు వేసినప్పుడు చూసేవాడికి సమాచారం పెరిగింది, తీసినవాడి ఎంపిక మరుగునపడింది. ఆ పని జరిగేనాటికి దర్శకుడూ లేడు, ఛాయాగ్రాహకుడూ లేడు. నిర్ణయం హక్కులున్నవారిది. పూర్తయిన కృతిని కూడా తిరిగి ముడిసరుకుగా మార్చగల శక్తి డిజిటల్ సాంకేతికతకు వచ్చిందని, ఆ శక్తి సృష్టించినవాడి చేతికి కాక హక్కు కొన్నవాడి చేతికి వచ్చిందని ఈ ఒక్క ఉదాహరణతో తేలుతోంది.

3

మాయాబజార్‌లోనే ఒక పెట్టె ఉంది, ప్రియదర్శిని. మూత తెరిచి చూసినవాళ్ళకు తమకు అత్యంత ప్రియమైనది అందులో కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనబడతాడు. దూరాన ఉన్న మనిషిని పెట్టెలో చూసి మాట్లాడడం ఇప్పుడు అందరికీ అలవాటైంది గనుక ఆ దృశ్యాన్ని సాంకేతిక జోస్యంగా మెచ్చుకోవడం ఒక వేడుకైపోయింది. మనం పట్టించుకోవలసిన విషయం ఇంకొకటుంది. ఆ పెట్టె చూసేవాడి కోరికను పసిగట్టి దాన్నే వాడికి చూపిస్తుంది.

ఇవాళ మన చేతిలోని తెర చేసే పనీ అదే. ఏది చూసి ఎంతసేపు ఆగామో, ఏది దాటేశామో లెక్కగట్టి, ఆగిన దానివంటిదే మళ్ళీ మళ్ళీ ముందుకు తోస్తుంది. అయితే కథలోని పెట్టెకు ప్రతిఫలాపేక్ష లేదు, ఇప్పటి పెట్టెకు ఉంది. మనం ఆగిన ప్రతి క్షణాన్ని ప్రకటనదారుకు అమ్ముకోవడమే దాని వ్యాపారం. ఇక్కడ సరుకు పాటా కాదు, కథా కాదు. ప్రేక్షకుడి చూపే సరుకు.

దీని ప్రభావం కళారూపం మీద పడకుండా ఎలా ఉంటుంది? మొదటి రెండు క్షణాల్లో ఆపలేని పాట వినబడకుండా పోతుంది గనుక పల్లవిని ఎత్తుగడలోనే కుక్కుతున్నారు. కవిత ఫోటో మీద ఇమిడేంత పొట్టిదవుతోంది. కథ చివరి మలుపు కోసం బతుకుతోంది. క్లుప్తత తప్పని ఎవరూ అనరు. సామెతకన్నా క్లుప్తమైనది మన భాషలో ఏముంది? కాని సామెతను క్లుప్తం చేసింది అనుభవం. ఈ క్లుప్తతను శాసిస్తున్నది ప్రకటనల లెక్క. ప్రియమైనదాన్నే చూపే పెట్టెలో అప్రియమైన సత్యానికి చోటు తక్కువ. పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడు నీళ్ళ మీద రాసిన కథ, 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం ఎదురుచూసిన రైతు మీద కట్టిన పాట, వలసపోయినవాళ్ళ ఇంటి తాళం మీద రాసిన కవిత వీటిని ఎవరూ నిషేధించనక్కర్లేదు. ఎవరికీ చూపకుండా ఉంటే చాలు.

4

రెండో వాదం సంగతి చూద్దాం. అందరికీ వేదిక దొరికింది కదా అంటారు. నిజమే, దొరికింది. రాచర్లలో చెక్కభజన చేసే బృందం తమ ఆటను ఫోనులో తీసి పెడితే దుబాయిలో ఉన్న ఊరివాళ్ళు చూస్తారు. పత్రిక గుమ్మం ఎక్కలేని దళిత స్త్రీ తన కథను ఎవరి అనుమతీ లేకుండా వెయ్యిమందికి చేరవేయగలదు. ఈ విముక్తిని చిన్నచూపు చూసేవాళ్ళు పాత పెద్దరికాలకు వత్తాసు పలుకుతున్నట్టే.

అయితే వేదిక దొరకడం వేరు, వేదిక మనదవడం వేరు. తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా ఏ ఊరు వెళితే ఆ ఊరి సంగతులు ఎత్తుకునేవాళ్ళు. ఊరి పెద్ద పిసినారితనం రామాయణం మధ్యలోకి వచ్చి కూర్చునేది. ప్రేక్షకుడి నవ్వు ఆటను మార్చేది, ఆ మార్పు ఇంకో నవ్వును పుట్టించేది. తీసి పెట్టిన వీడియో రాచర్లలో చూసినా రాజమండ్రిలో చూసినా ఒకటే. ప్రేక్షకుడి స్పందన ఒక అంకెగా మారి ఆట అయిపోయాక చేరుతుంది. ఆ అంకె ఆటగాడికి చేరేముందే కంపెనీకి చేరుతుంది.

అనంతపురం సీమలోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరున్న ఊరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ ఊళ్ళో ఇవాళ అదే తోలు, అదే ఉలి, అవే రంగులు దీపాల గొడుగులకూ గోడ అలంకారాలకూ పనికొస్తున్నాయి. ఆ కుటుంబాలు బతకాలి, ఆ పని చేయక తప్పదు. కాని ఆటలోంచి విడదీసిన బొమ్మకు మాట లేదు. కళ ఉపయోగపు విలువ పోయి మార్పిడి విలువ మాత్రం మిగలడమంటే ఇదే. డిజిటల్ అంగడి ఈ పనిని కొత్తగా కనిపెట్టలేదు, వేగవంతం చేసింది.

5

మార్కాపురానికి ప్రపంచంలో ఉన్న పేరు పలక రాయి వల్ల వచ్చింది. ఈ నేలలోంచి తవ్వి, పొరలు విడదీసి, నునుపుచేసి, చెక్క చట్రం బిగించిన పలకల మీద తరాల పిల్లలు అక్షరాలు దిద్దారు. కాగితమూ ప్లాస్టిక్కూ వచ్చి ఆ పలకను పక్కకు నెట్టాయి. ఇప్పుడు బడిపిల్లల చేతికి గాజు పలక వచ్చింది. ఇక్కడ వాపోవడానికి లేదు. ఎందుకంటే ఆ రాతిపలక చరిత్ర నిష్కల్మషమైనది కాదు. 1987 నాటి జాతీయ బాల కార్మిక విధానం కింద ప్రత్యేక ప్రాజెక్టులకు ఎంపిక చేసిన పరిశ్రమల్లో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. అంటే, ఒక పిల్లవాడు అక్షరం దిద్దిన పలక వెనక బడికి పోని ఇంకో పిల్లవాడి చేతులున్నాయి. పలక మీద రాసిన అక్షరం కనబడింది, పలక చేసిన చెయ్యి కనబడలేదు.

గాజు పలక వెనకా అట్లాంటి చేతులే ఉన్నాయి. అడిగిందే తడవుగా వ్యాసం రాసే, బొమ్మ గీసే కృత్రిమ మేధ 2022 నుంచి జనంలోకి వచ్చింది. అది దానంతటదే నేర్చుకుందని ప్రచారం. అందులోని విషాన్ని ఏరివేయడానికి కెన్యాలో కార్మికులు గంటకు రెండు డాలర్లకన్నా తక్కువ కూలికి హింసాత్మకమైన రాతలు చదివి గుర్తులు పెట్టారని 2023 జనవరిలో టైమ్ పత్రిక బయటపెట్టింది. అంతకన్నా పెద్ద శ్రమ ఇంకొకటుంది. లక్షలాది రచయితలూ చిత్రకారులూ పోగుచేసిపెట్టిన సృజనే ఈ యంత్రాలకు ముడిసరుకు. సమిష్టి శ్రమ, ప్రైవేటు సొంతం. ఈ వైరుధ్యం పాతదే, దీని పరిమాణం మాత్రం కొత్తది.

రాతిపలకకూ గాజు పలకకూ ఇంకో తేడా ఉంది. తప్పు రాసిన పిల్లవాడు ఉమ్ము తడితో చెరిపితే రాతిపలక మరిచిపోయేది. చెరపగల హక్కు రాసినవాడిది. తెర మీద చెరిపామనుకున్నది ఎక్కడో ఒక గిడ్డంగిలో ఉండనే ఉండవచ్చు. దాన్ని ఉంచడమా, తీసేయడమా, అమ్మడమా అన్నది గిడ్డంగి యజమాని ఇష్టం. రచయితకు చిత్తుప్రతి అవసరం. తప్పు రాసి, సిగ్గుపడి, చెరిపి, మళ్ళీ రాసుకునే చీకటి మూల అవసరం. ప్రతి చిత్తూ ప్రచురణే అయినచోట ఆలోచన పండదు.

6

యంత్రం ద్వారా ప్రతులు తీయగలిగాక కళాకృతి తన పూజనీయమైన ప్రత్యేకతను పోగొట్టుకుంటుందని, అది గుడిలోంచి జనంలోకి వస్తుందని వాల్టర్ బెంజమిన్ 1936లోనే వాదించాడు. డిజిటల్ సాంకేతికత ఆ క్రమాన్ని కొసకు తెచ్చింది. ఒక బొమ్మకు కోటి ప్రతులు తీయడానికి ఇవాళ ఖర్చు దాదాపు లేదు. సమృద్ధి సాధ్యమైంది. మరి పెట్టుబడి ఏంచేసింది? 2021 మార్చిలో బీపుల్ అనే చిత్రకారుడి డిజిటల్ చిత్రాన్ని క్రిస్టీస్ సంస్థ వేలం వేస్తే 6 కోట్ల 93 లక్షల డాలర్లు పలికింది. ఆ బొమ్మను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. కొన్నవాడికి దక్కింది తానే యజమానినని చెప్పే ఒక కంప్యూటర్ పద్దు. ఉత్పత్తి శక్తులు సమృద్ధిని ఇస్తే ఆస్తి సంబంధాలు పనిగట్టుకుని కొరతను తయారుచేశాయి. బెంజమిన్ పోతుందన్న దివ్యత్వాన్ని అంగడి పద్దుల పుస్తకంలో తిరిగి ప్రతిష్ఠించింది.

చట్టం ఎటు నిలబడుతుంది? కంప్యూటర్ తయారుచేసిన రచనకు, దాన్ని తయారుచేయించిన వ్యక్తే కర్త అని మన కాపీరైట్ చట్టం అంటుంది. తయారుచేయించినవాడి సంగతి చెప్పింది కాని, ఎవరి రచనలు తిని యంత్రం ఆ పని నేర్చిందో వాళ్ళ సంగతి చెప్పలేదు. 2024లో ఒక వార్తాసంస్థ ఓపెన్ఏఐ మీద ఢిల్లీ హైకోర్టులో వేసిన దావా ఈ ప్రశ్ననే లేవనెత్తింది.

7

మరి రచయితలు చేయవలసిందేమిటి? యంత్రాన్ని పగలగొట్టడం పరిష్కారం కాదు, దానికి హారతి పట్టడమూ కాదు. కొన్ని పనులు వెంటనే మన చేతిలో ఉన్నాయి.

తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నుంచే స్థానముంది. అయినా మన పత్రికలూ పుస్తకాలూ ఎన్నో ఏళ్ళు ప్రైవేటు ఫాంట్లలో కూర్చబడ్డాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఆ సాహిత్యం అర్థంలేని గీతలుగా కనబడుతుంది. మన అక్షరాలకు మనమే తాళం వేసుకున్నట్టయింది. వాటిని అందరూ చదవగల రూపంలోకి మార్చి, 2003లో మొదలైన తెలుగు వికీపీడియా వంటి ఉమ్మడి ఆస్తిని పెంచడం సాహిత్య సంఘాల పని. పల్లెపాటను రికార్డు చేసేటప్పుడు పాడినవాళ్ళ పేరూ ఊరూ రాయాలి, వాళ్ళ సమ్మతి తీసుకోవాలి, ఒక ప్రతిని ఊరి బడిలోనో గ్రంథాలయంలోనో ఉంచాలి. కంపెనీ వేదిక మీద ఉన్నదాన్ని భద్రపరిచినట్టు లెక్కవేయకూడదు.

హక్కులు ఒంటరిగా రావు. సినిమా పాట రాసినవాడి రాయల్టీ హక్కును నిర్మాత మొత్తంగా రాయించుకోకుండా 2012లో మన చట్టం మారింది, దాని వెనక పాటల రచయితల పోరాటముంది. 2023లో హాలీవుడ్ రచయితలు 148 రోజులు సమ్మెచేసి, కృత్రిమ మేధను తమ మీద ఎలా వాడకూడదో ఒప్పందంలో రాయించుకున్నారు. వాళ్ళను గెలిపించింది ప్రతిభ కాదు, సంఘం.

చివరిగా విమర్శకులకు ఒక మాట. తెర మీది కవితను, పొట్టి చిత్రాన్ని, ఫోనులో పుట్టిన పాటను సాహిత్యం కాదని పక్కకు నెట్టే అలవాటు మానాలి. వాటి వస్తువునూ శిల్పాన్నీ నిగ్గదీసి చూడాలి, ఏ బలం ఏ రూపాన్ని శాసిస్తోందో విప్పిచెప్పాలి. దాంతోపాటు మనుషుల ఎదుట మనుషులు పాడే, ఆడే సభలను వదులుకోకూడదు. కేతిగాడు ఊరి పెద్ద మొహం చూస్తూ వేసిన ఎత్తిపొడుపుకు ఇంతవరకూ ఏ తెరా బదులు కాలేదు. ప్రియదర్శిని పెట్టె చూపనిదాన్ని చూపడం ఎప్పుడూ రచయిత పనే. ఆ పెట్టె ఎవరిదో జనానికి చెప్పడం కూడా ఇప్పుడు ఆ పనిలో చేరింది.