హరిబౌలిలో బౌలి

లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి గుడి నుంచి హరిబౌలిలోని అక్కన్న మాదన్న గుడికి ఎన్నిసార్లు నడిచానో లెక్క లేదు. బోనాల మర్నాడు ఘటాల ఊరేగింపు వెంట నయాపూల్ దాకా పోయిన ఏళ్లూ ఉన్నాయి. అయినా హరిబౌలి అన్న మాటలోనే ఒక బావి ఉందని నలభై దాటాక గానీ నాకు తట్టలేదు. బౌలి అంటే మెట్లు దిగి నీళ్లు ముంచుకునే బావి. దూద్‌బౌలి, పుత్లీబౌలి, గచ్చిబౌలి అని రోజూ అంటూనే ఉంటాం. కండక్టర్ పిలిస్తే దిగుతాం.

ఆ మాట నా చెవిన పడేలా చేసింది ఒక ఆర్కిటెక్టు పని. ఆమె పేరు కల్పనా రమేశ్. ముందు తన ఇంట్లోనే వాన నీటిని పట్టి వాడుకున్నారు. తర్వాత 'ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్' మొదలుపెట్టి నగరంలోని పాత దిగుడు బావుల మీదికి దృష్టి మళ్లించారు. సికింద్రాబాద్‌లో గాంధీ ఆసుపత్రి దగ్గరి బన్సీలాల్‌పేట బావి అలాగే బయటపడింది. 17వ శతాబ్దం నాటిదని చెబుతారు. ఇరుకు బస్తీ నడుమ ఏళ్ల తరబడి చెత్తకుప్పగా ఉన్న చోటది. జీహెచ్‌ఎంసీ, హెచ్‌ఎండీఏలతో కలిసి అక్కడ వేల టన్నుల చెత్త, మట్టి ఎత్తిపోశారు. 2022 డిసెంబర్ 5న బావిని మళ్లీ తెరిచారు.

తెరిచిన కొన్నాళ్లకు వెళ్లి చూశాను. యాభై అడుగులకు పైగా లోతు, వరుస మీద వరుసగా రాతి స్తంభాలు, కింద పచ్చటి నీళ్లు. నిండితే 22 లక్షల లీటర్లట. మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. ఆర్కిటెక్టు అంటే తెల్ల కాగితం మీద లేనిదాన్ని గీసే మనిషి అని అంతవరకు నా లెక్క. ఇక్కడ ఆ గీత ఎప్పుడో ఎవరో గీసి పెట్టి ఉంది. దాన్ని కనిపెట్టి, చెడగొట్టకుండా బయటికి తీయడమే పని. చెప్పినంత తేలిక కాదది. పూడిక తీస్తుంటే ఊట వస్తుంది. నీళ్లు తోడకపోతే మట్టి తీయలేరు. గబగబా తోడేస్తే వెనకాల తడి మట్టి బరువుకు రాతికట్టు లోపలికి జారవచ్చు. కదిలిన రాళ్లను సిమెంటుతో బిగిస్తే చెమ్మ పోయే దారి మూసుకుపోతుంది, సున్నమైతే పోనిస్తుంది. కింద ఏముందో, ఎంత లోతుందో తెలియకుండానే రోజుకింత దిగాలి. అన్నింటికంటే కష్టం, చుట్టూ ఉన్న ఇళ్లవాళ్లు మళ్లీ ఒక్క కవరు కూడా అందులో పడేయకుండా చూడటం. వాళ్లకు అది మా బావి అనిపించాలి. అది ఏ డ్రాయింగులోనూ గీయలేని పని. నాకు ఆమె మీద గౌరవం పెరిగింది అక్కడే.

ఆమె కంటే ముందు ఈ వృత్తిలోకి వచ్చిన ఆడవాళ్లూ మనసులో మెదిలారు. మన దేశంలో మొదటి మహిళా ఆర్కిటెక్టుగా చెప్పుకునే పెరిన్ మిస్త్రీ బొంబాయిలో డిప్లొమా అందుకున్నది 1936లో. అప్పటికి ఆడవాళ్లు ఈ చదువులోకి రావడమే పెద్ద సంగతి. పాకిస్తాన్‌లో యాస్మీన్ లారీ కరాచీలో పెద్ద పెద్ద భవనాలు కట్టి, 2000లో వృత్తి నుంచి తప్పుకున్నారు. 2005 భూకంపం తర్వాత వెదురు, మట్టి, సున్నం పట్టుకుని ఇళ్లు కోల్పోయినవాళ్ల దగ్గరికి వెళ్లారు. 2023లో బ్రిటన్ రాజ ఆర్కిటెక్టుల సంస్థ ఆమెకు బంగారు పతకం ఇచ్చింది. బన్సీలాల్‌పేట మెట్ల మీద నాకు లారీ గుర్తొచ్చారు.

ఇంకొకరు కూడా గుర్తొచ్చారు. మా నాయనమ్మ.

మా ఇంటి వాకిట్లో చేదబాయి ఉండేది. నాకు పదేళ్లప్పుడు నల్లా నీళ్లు చాలని నాన్న దాన్ని పూడ్పించాడు. మొదటి తట్ట మట్టి పడకముందు నాయనమ్మ గట్టుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, రవికెగుడ్డ వదిలింది. "గంగమ్మ తల్లీ, పిల్లలు ఎరుక లేక చేస్తున్నరు, తప్పు కాయి" అంది. ఆ రోజంతా అన్నం తినలేదు. గిరక మాత్రం విప్పి అటక మీద దాచింది.

నాన్నదీ తప్పనలేను. 1908లో మూసీ ఊరిని ముంచిన తర్వాతే కదా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ వరద తగ్గాలని ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ మా లాల్‌దర్వాజా అమ్మవారికి మొక్కాడని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. చెరువులొచ్చాయి, నల్లాలొచ్చాయి, బావులు అడ్డమైపోయాయి. ఇవాళ వంద కిలోమీటర్ల అవతలి నుంచి కృష్ణ నీళ్లు తెచ్చుకుంటున్నా, ఎండాకాలంలో మా గల్లీలోకి ట్యాంకర్ వస్తూనే ఉంది.

లెక్క వేసి చూశాను. మా డాబా నూరు గజాలు. హైదరాబాద్‌లో ఏడాదికి కురిసే వాన 80 సెంటీమీటర్లకు అటూ ఇటూ. అంటే ఆ డాబా మీద 65 వేల లీటర్ల పైచిలుకు పడుతుంది. మూడో వంతు పోయినా 40 వేలు మిగులుతాయి. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. అవన్నీ గొట్టం గుండా గల్లీ మోరీలోకి పోతున్నాయి. పూడ్చిన బావికీ ఆ గొట్టానికీ మధ్య మూడు బారలు కూడా లేదు.

పోయిన వారం మేస్త్రీని పిలిచాను. గచ్చు మీద సుత్తితో కొట్టి, చప్పుడు మారిన చోట సుద్దతో గుండ్రంగా గీశాడు. తొలివాన బయటికి పోనిచ్చి, తర్వాతి వానను కంకర, ఇసుక గుంట గుండా దింపాలన్నాడు. పక్క మోరీ నీళ్లు ఊరుతున్నాయేమో చూసి, పరీక్ష చేయించాకే వాడుకోవాలని కూడా చెప్పాడు. సుద్ద గీత సరిగ్గా తమ్ముడి బండి నిలిపే చోట పడింది. బండి తీసి ఎక్కడ పెట్టాలని వాడు అడిగాడు. గల్లీలో పెట్టమన్నాను. నిచ్చెన వేసుకుని అటక ఎక్కాను. గిరక ఉంది. ఇరుసు తుప్పు పట్టింది గానీ, కొంచెం నూనె వేస్తే తిరిగింది.