కాటన్ లేని రెండేళ్లు

సర్ ఆర్థర్ కాటన్ 1899లో చనిపోయాడు. మరుసటి ఏడాదే ఆయన కూతురు లేడీ హోప్ రాసిన జీవితచరిత్ర లండన్‌లో అచ్చయింది. ఉత్తరాలు, నివేదికలు, తోటివాళ్ల జ్ఞాపకాలు కలిపి కుట్టిన పెద్ద పుస్తకం. చివర్లో కరువు నివారణ మీద విలియం డిగ్బీ రాసిన వ్యాసాలు కూడా ఉన్నాయి.

మాది రావులపాలెం. ఒకపక్క గౌతమి, ఇంకోపక్క వశిష్ఠ. మా వైపు కాటన్ దొరని విమర్శించడమంటే అన్నం పెట్టిన చేతిని అనుమానించడమే. సంకల్పంలో ఆయన్ని తలుచుకునే పురోహితులున్న నేల ఇది. అయినా ఈ పుస్తకాన్ని ఒక ప్రశ్నతో చదవాలనిపించింది. ధవళేశ్వరం ఆనకట్ట ఒక గొప్ప మనిషి వల్ల నిలబడిందా, ఆ మనిషి తయారుచేసిన పనితీరు వల్ల నిలబడిందా? రెండూ ఒకటి కావు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడికి ఈ తేడా రోజూ తగులుతూనే ఉంటుంది.

లేడీ హోప్ దగ్గర మొదటి జవాబే దొరుకుతుంది. అందులో ఆశ్చర్యం లేదు. ఆవిడ 1842లో పుట్టింది. 1847లో ఆనకట్ట పని మొదలయ్యేనాటికి ఆవిడకి నిండా ఐదేళ్లు లేవు. కాబట్టి ఆ రోజుల గురించి ఆవిడ రాసింది చాలావరకు విన్నదీ, కాగితాల్లో చదివిందీ. పైగా మహనీయుల్ని భక్తులుగా చూపించడం ఆవిడకి ఇష్టం. చరమదశలో డార్విన్ బైబిల్ చదువుతూ కనిపించాడన్న కథ 1915లో ప్రచారంలోకి వచ్చింది ఈవిడ పేరు మీదే. డార్విన్ పిల్లలు దాన్ని కొట్టిపారేశారు. తండ్రి కథలోనూ ఆ చూపే కనిపిస్తుంది: దైవభక్తి, పట్టుదల, ఒంటరి పోరాటం.

కానీ తేదీలు ఇంకో కథ చెబుతాయి. 1848 జూన్‌లో, పని మంచి ఊపు మీద ఉండగా, కాటన్ ఆరోగ్యం దెబ్బతింది. బాధ్యతలు కెప్టెన్ ఆర్‌కి అప్పగించి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. తిరిగి వచ్చింది 1850లో. 1852లో ఆనకట్ట పూర్తయింది. అంటే ఐదేళ్ల పనిలో దాదాపు రెండేళ్లు నాయకుడు ఊళ్లో లేడు. పని మాత్రం ఆగలేదు. ఆ ఆర్ తర్వాత బెజవాడలో కృష్ణ మీద ఆనకట్ట కట్టాడు. నాయకత్వానికి ఇంతకన్నా గట్టి రుజువు నాకు తెలిసి లేదు. జీవితచరిత్రకి దీన్ని చూపించడం కష్టం. మనిషి ఎక్కడుంటే కథా అక్కడికే పోతుంది.

పని ఎందుకు ఆగలేదు? ఒక కారణం పద్ధతి. లోతు తెలియని ఇసుక మీద పునాది ఎలా నిలబెట్టాలో కావేరి మీది పాత కల్లణై కట్టినవాళ్ల దగ్గర నేర్చుకున్నామని కాటన్ దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. 1836లో కొల్లిడం మీద ఆ విద్యని వాడి చూశాడు. తన బుర్రలో మాత్రమే ఉన్న రహస్యం కాదు కాబట్టి ఇంకొకరి చేతికి ఇవ్వడం కుదిరింది.

రెండో కారణం మనుషులు. కోనసీమలో గన్నవరం దగ్గర వైనతేయ మీద 49 ఖానాల అక్విడక్టు కట్టింది హేగ్ అనే లెఫ్టినెంట్. అప్పటికి పాతికేళ్ల కుర్రాడు. కూలీలకీ దొరలకీ మధ్య నిలబడి పని నడిపించింది వీణం వీరన్న. రాయ్ బహదూర్ బిరుదు దక్కింది గానీ, దొరకి దక్కినన్ని విగ్రహాలు ఆయనకి దక్కలేదు. రాళ్లు మోసిన వేలమందికైతే పేర్లే లేవు.

కాటన్ మెత్తని మనిషేం కాదు. రైళ్ల కన్నా కాలవలే మేలని జీవితమంతా పైవాళ్లతో తగువులాడాడు. 1878లో, 75 ఏళ్ల వయసులో, పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని గుచ్చి గుచ్చి అడిగిన ప్రశ్నలకి జవాబులు చెప్పాడు. ఆయన మొండితనం పైకి, నమ్మకం కిందికి. మన ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించేది దీనికి తిరగేసిన బొమ్మ. పైవాళ్లు అడిగిన ప్రతి గడువుకీ తలూపి, ఆ బరువంతా టీం మీదకి తోసేసే మేనేజర్లు. నేను పనిచేసిన ఒక కంపెనీలో మేనేజర్ సెలవు పెడితే ఒక్క రిలీజ్ కదిలేది కాదు. అది ఆయన గొప్పతనంగా చలామణీ అయ్యేది. అక్కడ రెండేళ్లు పనిచేసిన జూనియర్లకి సొంతంగా ఒక్క నిర్ణయం తీసుకునే అలవాటు రాలేదు.

అలాగని అంతా కాటన్ స్వభావం మహిమే అనుకుంటే, కర్నూలు-కడప కాలవ దగ్గర బండి ఆగిపోతుంది. తుంగభద్ర నీళ్ల ఆ పథకం వెనక ఉన్న కలా ఆయనదే. చేపట్టింది మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ. పెట్టుబడికి ప్రభుత్వం 5 శాతం వడ్డీకి హామీ ఇచ్చింది. ఖర్చు అంచనాలు దాటింది, ఆయకట్టు అనుకున్నంత రాలేదు, 1882లో ప్రభుత్వమే కాలవని కొనుక్కోవాల్సి వచ్చింది. ధవళేశ్వరంలో తప్పు చేస్తే వచ్చే వరదకే బయటపడేది, చేసినవాడు దాని ఎదురుగానే ఉండేవాడు. కర్నూల్లో కాలవ పారినా పారకపోయినా లండన్లో వాటాదారుకి వడ్డీ అందేది. కల ఒకటే, సంస్థ వేరు, ఫలితం వేరు. నాయకుడి గుణగణాలు మాత్రమే ఏకరువు పెట్టే పుస్తకం ఈ తేడాని వివరించలేదు. ఈ పుస్తకానికి నేను పెట్టే అసలు అభ్యంతరం ఇదే.

అయినా చదవాల్సిన పుస్తకమే. అందులో దొరికే కాటన్ రాతలు, కూతురి పొగడ్తల కన్నా పదునైనవి. పక్కన ఇంజనీరింగ్ రికార్డులు కూడా పెట్టుకుని చదివితే మేలు.

మనం 'మంచి లీడర్' అన్న మాటని వక్తృత్వంతోనో, వేదిక మీది నిలుపుతోనో కొలుస్తున్నాం. డెల్టాలో దొర విగ్రహాలకి దండలు వేసేదీ అలాంటి బొమ్మని చూసే. దండలు వెయ్యనీండి, అభ్యంతరం లేదు. కానీ ఆయన్నించి నేర్చుకోవాల్సింది విగ్రహంలో లేదు. 1848 జూన్‌లో ఆయన ఓడెక్కాక, ధవళేశ్వరంలో మర్నాడు పనిలోకి వచ్చినవాళ్ల దగ్గర ఉంది.