కొట్టి చూస్తే మోగాలి

సిరొంచ అంగట్లో కుండ కొనేవాళ్లు ముందు ధర అడగరు. వేలి కణుపుతో కొడతారు. "కొట్టి సూడు బిడ్డా, గంట లెక్క మోగుతది" అంటుంది అమ్మే ఆమె. నడుం మీద ఒకసారి, అడుగున ఒకసారి కొడితే ఖంగుమనాలి. బద్దుమంటే ఎక్కడో వెంట్రుకవాసి పగులుందని, లేదా ఆవంలో ఆ కుండకు నిప్పు చాలలేదని లెక్క. ఈ సంగతి తెలియక నేనొకసారి మూతి చుట్టూ వేసిన గీతలు నచ్చి ఒక నీళ్ల రంజన్ కొనుక్కెళ్లాను. తెల్లారేసరికి నీళ్లన్నీ వంటింటి బండల మీదున్నాయి. మా అమ్మ దాన్ని తిరగేసి వేలితో కొట్టి, "చూసి కొన్నావా, విని కొన్నావా?" అంది.

సిరొంచ మహారాష్ట్ర మ్యాపులో అట్టడుగున, ప్రాణహిత ఎడమ గట్టున ఉంటుంది. కాస్త కిందికి పోతే ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. అవతలి గట్టు కాళేశ్వరం. జిల్లా కేంద్రమైన గడ్చిరోలికి పోవాలంటే రెండు వందల కిలోమీటర్ల పైమాటే. చెన్నూరు, మంథని అంతకన్నా దగ్గర. 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చిన ఈ ఊరు ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణంగా ఉండేది. 1874లో ఆ జిల్లా రద్దయ్యాక చాందా జిల్లాలో కలిసింది. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడ్డాక దాని కిందికొచ్చింది. కాగితాలు ఇన్నిసార్లు మారినా చాలా ఇళ్లలో మాట తెలుగే, బడిలో మాత్రం మరాఠీ. సారె తిప్పే మనిషి వాడకట్టులో కుమ్మరి, కచేరీలో కుంభార్.

ఇక్కడి మట్టి కిందున్న రాతిపొరలకు శాస్త్రవేత్తల దగ్గర ఒక పేరుంది. పక్కనే ఉన్న కోట గ్రామం పేరుతో 'కోట శిలాశ్రేణి' అంటారు. ఆ పొరల్లోంచే, సిరొంచ దగ్గరి పోచంపల్లిలో, బరపాసారస్ అనే రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. 1975లో దానికా పేరు పెట్టారు. అయితే ఆ పొర వేరు, కుండమట్టి వేరు. కుమ్మరికి కావలసింది కోట్ల ఏళ్ల నాటి పొర కాదు, చెరువు ఎండినప్పుడు అడుగున తేలే ఒండ్రు.

దాన్ని తెచ్చి ఎండబెట్టి, గడ్డలు పగలగొట్టి, రాళ్లూ వేళ్లూ ఏరి గుంతలో నానేస్తారు. జిగట ఎక్కువైతే ఎండేటప్పుడు పగులుతుంది, తక్కువైతే సారె మీద నిలవదు. అందుకే జల్లించిన ఇసుకో బూడిదో కలిపి కాళ్లతో తొక్కుతారు. ఎంత కలపాలన్నదానికి కొలత లేదు. మడమ కింద మట్టి జారే తీరే కొలత.

సారె మీద పని చూడటానికి అందంగా ఉంటుంది. కర్రతో తిప్పి వదిలిన చక్రం మీద ముద్ద లేచి, మెడ వచ్చి, మూతి విచ్చుకుంటుంది. ఫొటోలు తీసేవాళ్లు అక్కడితో వెళ్లిపోతారు. నన్నడిగితే కుండ పుట్టేది ఆ తర్వాత. దారంతో కోసి దించిన దానికి మూతి ఉంటుంది కానీ సరైన అడుగుండదు. గోడలు దళసరిగా, ఒళ్లు పొట్టిగా ఉంటుంది. దాన్ని నీడన ఆరబెట్టి, చేతికి అంటనంత గట్టిపడ్డాక ఒళ్లో పెట్టుకుంటారు. ఎడమచెయ్యి లోపలికి పోతుంది, అందులో నున్నటి గుండురాయి. కుడిచేతిలో చెక్క. రాయి ఎక్కడుందో సరిగ్గా అక్కడే బయట చెక్క పడాలి. టప్, టప్, టప్. దెబ్బదెబ్బకూ కుండ కొద్దిగా తిరుగుతుంది, గోడ పలచనవుతుంది, పొట్ట ఉబ్బుతుంది, అడుగు గుండ్రంగా మూసుకుంటుంది. లోపలి చెయ్యి కంటికి కనపడదు. చప్పుడే దారి చూపిస్తుంది. గోడ దళసరిగా ఉన్నచోట మొద్దుగా, పలచబడ్డచోట తేలిగ్గా పలుకుతుంది. అంగట్లో మనం వేలితో చేసే పరీక్షను కుమ్మరి అప్పటికే వందలసార్లు చేసి ఉంటాడు. పొయ్యి మీద కుండ అడుగు సమంగా వేడెక్కడం, మూలల దగ్గర పగలకపోవడం ఆ గుండ్రటి అడుగు పుణ్యమే.

తర్వాత జాజు పూసి, నున్నగా రుద్ది, ఆవానికి ఎక్కిస్తారు. కుండల మధ్య కట్టెలు, పిడకలు, పైన గడ్డి, దాని మీద మట్టి మెత్తి నిప్పు పెడతారు. మట్టిలో బంధించుకుని ఉన్న నీరు 450 నుంచి 600 డిగ్రీల మధ్య విడిపోతుంది. అందాకా అది కుండ కాదు, నానబెడితే మళ్లీ బురదే. 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు మళ్లీ అక్కడే ముడుచుకుంటుంది. తొందరపడి ఆవం విప్పితే కంటికి ఆనని పగుళ్లు పడేది అందుకే. మా రంజన్ కథ బహుశా అదే. గాలి ఆడితే మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది, పొగ మూసేస్తే కుండ నల్లబడుతుంది. పై ఎరుపు, లోనలుపు పాత్రలు దక్కన్‌లోని బృహత్‌శిలా సమాధుల్లో విరివిగా దొరికాయి కాబట్టి, గాలినీ పొగనూ ఆడించే విద్య మనవాళ్లకు శాతవాహనులకన్నా ముందునుంచే తెలుసు.

కుమ్మరి చెక్కదెబ్బ చప్పుడుకు నదికి రెండు వైపులా కథలున్నాయి. మరాఠీవాళ్ల గోరా కుంభార్‌ది తేర్ గ్రామం, నామదేవుడి కాలం. సాధువులంతా చేరినచోట ముక్తాబాయి ఆయన చెక్కను చూసి ఇదెందుకని అడిగిందట. కుండ కాలిందో లేదో తేల్చడానికన్నాడు. అయితే మమ్మల్నీ తేల్చమంది. అందరి నెత్తినా కొట్టుకుంటూ పోతే నామదేవుడొక్కడే చిరచిరలాడాడు. ఇది పచ్చికుండ అన్నాడు గోరా. ఆయన మట్టి తొక్కుతూ విఠలుడి ధ్యాసలో పడి కన్నబిడ్డనే తొక్కేసిన కథ తెలుగువాళ్లకు 1977లో అక్కినేని 'చక్రధారి' సినిమాగా తెలుసు. మనవైపు పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కుమ్మర గుండయ్య ఉన్నాడు. కుండలు వాయిస్తుంటే శివుడు దిగొచ్చి ఆడాడు. ఒకరిది పరీక్ష, ఒకరిది పాట. నాకు గుండయ్యే ఇష్టం.

బడిలో చదివి మట్టి పట్టినవాళ్ల దారి వేరు. పి.ఆర్. దరోజ్ హైదరాబాద్‌లో లలితకళలు చదివి, బరోడాలో సిరామిక్స్ నేర్చి, ఢిల్లీలో ఉండి పనిచేశారు. మనిషి దాటిపోగలిగే ద్వారాలను మట్టితో నిలబెట్టారు. అంతటి పనిని ఏ బట్టీ ఒక్క ముక్కగా మింగలేదు. భాగాలుగా కాల్చి జోడించాలి. స్టోన్‌వేర్ 1,200 డిగ్రీలు దాటి కాలుతుంది. మట్టి గాజులా కరిగి రంధ్రాలు మూసుకుంటాయి, నీరు దాదాపు పీల్చదు. అక్కడ నీరు పీల్చడం లోపం. సిరొంచలో కుండ కొనేదే దానికోసం. చెమర్చిన నీరు గోడ మీద ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. లీటరు నీటిలో పది గ్రాములు ఆవిరైతే మిగతాది దాదాపు ఆరు డిగ్రీలు చల్లబడగలదు. వానాకాలం గాలిలో తేమ నిండి ఆ పని సాగదు. అందుకే రంజన్ అమ్మకం ఎండల్లోనే.

మిగతా కాలమంతా పని పెట్టేది పెళ్లిళ్లూ పండుగలూ. పెళ్లికి ఐరేని కుండలు కుమ్మరింటి నుంచి డప్పులతో రావాలి, బోనానికి కొత్త కుండ కావాలి. ఫ్రిజ్ వచ్చాక కడవ తగ్గింది, స్టీలు వచ్చాక కూరకుండ పోయింది, ఐరేని మాత్రం పోలేదు. 2018 నుంచి ఖాదీ కమిషన్ కరెంటు సారెలు ఇస్తోంది. భుజానికి సుఖమే. చెక్కదెబ్బ మాత్రం ఇంకా చేతిదే.

పోయిన ఎండాకాలం సిరొంచ నుంచి వంతెన మీదుగా కాళేశ్వరం వస్తుంటే, షేర్ ఆటోలో ఎదుటామె ఒళ్లో కొత్త కడవ ఉంది. గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పొదివి పట్టుకుంటోంది. ఇవతలి గట్టున దిగి, ఆటో డబ్బులిచ్చే ముందు కడవను చెవి దగ్గర పెట్టుకుని వేలితో ఒక్కటి కొట్టింది. తల ఊపి, కొంగు చుట్టగా చేసి నెత్తిన పెట్టుకుని, దాని మీద కడవనెత్తుకుంది.