బండి లేటు

మతిమరుపు జబ్బున్న మనిషికి స్నానం చేయించేటప్పుడు మొదటి మగ్గు నీళ్లు పాదాల మీద పోయాలి. తర్వాత మోకాళ్లు, చేతులు, ఆ తర్వాతే భుజాలు. తలస్నానం వారానికి ఒకసారి చాలు, అదీ మనిషి నెమ్మదిగా ఉన్న రోజు చూసుకుని. ఒంటి మీద పాత తువ్వాలు కప్పి దాని మీదుగానే నీళ్లు పోయాలి. ఆ మనిషి చేతికి ఇంకో మగ్గు ఇవ్వాలి. చేతులకు పని ఉంటే మన చేయి పట్టుకుని ఆపరు. ఇవన్నీ నాకు నేర్పింది పగటిపూట మా ఇంటికి సాయానికి వచ్చే ఆవిడ. చదివింది ఐదో తరగతి. అంతకుముందు మూడు నాలుగు ఇళ్లలో ఇలాంటి పెద్దవాళ్లను చూసింది. "నెత్తిన గుమ్మరిస్తే బెదిరిపోతారు సార్. నీళ్లు ఎక్కణ్ణించి వచ్చి పడుతున్నాయో తెలీదు గదా వాళ్లకి" అంది. నేను తెప్పించుకుని చదివిన పుస్తకాల్లో ఇంత సూటిగా చెప్పినది లేదు.

మా ఆవిడకు అల్జీమర్స్ అని తేలి కొన్నేళ్లయింది. నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాం. పిల్లలు దూరాన ఉన్నారు, రోజూ వీడియోలో కనపడతారు. ఇంట్లో ఇలాంటి జబ్బు ఉందనగానే నలుగురూ వాడే మాటలు నాలుగే: పాపం, కర్మ, సేవ, రుణం. ఆ మాటల కింద అసలు పని కనపడకుండా పోతోందని నా ఫిర్యాదు. ఇది చేతులతో చేసే పని. ఇందులో ఒడుపు ఉంది, ఒకరు చూపిస్తే ఇంకొకరికి పట్టుబడుతుంది. పుణ్యం ఖాతాలో వేసేస్తే ఎవరూ ఎవరికీ నేర్పరు.

ఇల్లు సర్దుకోవడంతో మొదలవుతుంది ఇదంతా. బాత్రూమ్ తలుపు లోపలి గడియ తీయించేశాం. అద్దానికి గుడ్డ కట్టాం, అందులో ఎవరో ముసలావిడ నిలబడి తనను తేరిపార చూస్తోందని గొడవ పడుతోంది గనక. గుమ్మం దగ్గర నల్ల పట్టా ఉండేది. దాని ముందు ఆగిపోయి అడుగు వేసేది కాదు. నల్లటిది గొయ్యిలా కనపడుతుందట. తీసేస్తే నడిచింది. రాత్రి పడుకోబోయే ముందు గ్యాస్ సిలిండరు రెగ్యులేటరు కట్టేస్తాను. లంగా నాడాకు ముడి మీద ముడి పడిపోతుంటే వీధి చివర టైలరు దగ్గరికి వెళ్లాను. కూలి గట్టిగానే తీసుకున్నాడు గానీ సలహా మాత్రం ఊరికే ఇచ్చాడు: నాడా బదులు ఎలాస్టిక్, జాకెట్టుకు హుక్కుల బదులు చప్పున అతుక్కునే వెల్‌క్రో పట్టీ.

చీర సంగతి వేరే చెప్పాలి. నైటీ అయితే సుఖమని అందరూ అంటారు. మాకు కుదరలేదు. నైటీ వేస్తే పైట కోసం భుజం తడుముకుంటూనే ఉంటుంది, ఎవరైనా వస్తే గదిలోకి పారిపోతుంది. అందుకని నేను చీర కట్టడం నేర్చుకున్నాను. ఉతికి ఉతికి మెత్తబడ్డ మంగళగిరి నూలు చీరలైతే చేతికి మాట వింటాయి, పట్టు జారిపోతుంది, సింథటిక్ చీరకు కుచ్చిళ్లు నిలవవు. నేను మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లు సర్దుతుంటే పైనుంచి చూసి "వంకర" అంటుంది. నా పేరు అడిగితే చెప్పలేదు. కుచ్చిళ్లు వంకరగా ఉన్నాయని మాత్రం చెప్పగలదు. విప్పి మళ్లీ పెడతాను.

ఈ జబ్బు మెదడులో ముందుగా పట్టుకునే చోట్లలో హిప్పోక్యాంపస్ ఒకటి. కొత్తగా జరిగింది నిలవ చేసే పని దానిది. అందుకే పొద్దున తాగిన కాఫీ మధ్యాహ్నానికి లేదు. మాకైతే గ్లాసు కింద పెట్టేసరికే లేదు. (ఆ చిక్కుకు విరుగుడుగా కాఫీ సగం సగం ఇస్తాను. ఇంకా ఇవ్వలేదని తగాదా వచ్చినప్పుడు రెండో సగం ఉంటుంది.) చేతులు ఏళ్ల తరబడి చేసి చేసి అలవాటు పడ్డ పనులకు ఆధారం వేరే భాగాలు, చిన్నమెదడు లాంటివి. అవి చాలాకాలం నిలుస్తాయి. మధ్యాహ్నం పూట మా ఇంట్లో నడిచేదంతా వాటి మీదే. గోంగూర ఒలుస్తుంది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంది. వెల్లుల్లి పొట్టు తీసినంత సేపు మాట్లాడదు, అంత శ్రద్ధ. కందిపప్పు, పెసరపప్పు కలిపేసి వేరు చేయమని ఇవ్వండి, కాలక్షేపం అవుతుందని ఒకరు సలహా చెప్పారు. అది నాకు నచ్చలేదు. అంతకాలం వంటిల్లు ఏలిన మనిషికి ఉత్తుత్తి పని ఇవ్వడమేమిటి? ఒలిచిన గోంగూర ఆ రాత్రి పచ్చడై కంచంలోకి రావాలి.

అన్నిటికన్నా పూలు. కనకాంబరాలు, కాస్త మరువం, తడిపిన అరటినార ముందు పెడితే చాలు. ఇటు రెండు, అటు రెండు, మెలిపెట్టి ముడి. వారం పేరు తెలియదు, ఊరు తెలియదు, ముడి మాత్రం జారదు. మూర పూర్తయ్యాక అది ఎవరి కోసమో తట్టక నా చేతిలో పెట్టి, "మీ ఆవిడకి తీసుకెళ్లండి" అంటుంది. నన్ను ఎవరో పెద్దమనిషి అనుకుంటున్న పూటలవి. అలాంటప్పుడు నేనూ మర్యాదగా, "మీ ఆయన ఏం చేస్తారండీ?" అని అడుగుతాను. "రైల్వేలో. కోపం జాస్తి. మనిషి మాత్రం మంచోడే" అంది ఒకసారి. నా మొహం చూసి చెప్పిన మాట కాదు గనక సర్టిఫికెట్‌గా దాచుకున్నాను.

సాయంత్రాలు కష్టం. వెలుతురు తగ్గేసరికి కంగారు మొదలవుతుంది. రోజంతా అలసిన మెదడుకు నీడలు, చప్పుళ్లు పోల్చుకోవడం బరువవుతుంది, నిద్ర మెలకువల లెక్క కూడా ఈ జబ్బులో చెడుతుంది. చీకటి పడకముందే ఇంట్లో అన్ని లైట్లూ వేసేయమని డాక్టరు చెప్పారు, కొంత పనిచేసింది. అయినా ఆరు కొట్టేసరికి రెండు చీరలు సంచిలో కుక్కుకుని బయల్దేరుతుంది. "నిడుబ్రోలు పోవాలి. అమ్మ ఎదురుచూస్తుంటది." పుట్టిల్లు పొన్నూరు, ఆ ఊరి స్టేషను పేరు నిడుబ్రోలు. మా అత్తగారు పోయి చాలా ఏళ్లయింది. చుట్టపుచూపుగా వచ్చిన ఒకాయన నిజం చెప్పడం తన బాధ్యత అనుకుని ఆ ముక్క చెప్పేశాడు. తల్లి చావు అప్పుడే విన్న కూతురు ఎలా ఏడుస్తుందో అలా ఏడ్చింది. అరగంటకు ఏడుపు ఎందుకో మర్చిపోయింది, ఏడుపు మాత్రం ఆగలేదు. ఆయన ఆ రాత్రి బస్సుకే వెళ్లిపోయాడు. ఊరడించడం మా వంతు అయింది.

నేను చెప్పేది ఒకటే మాట: "బండి లేటు."

"ఎంత?"

"తెనాలి దాటలేదంట."

నిడుబ్రోలు పోయే బండి విజయవాడ దాటాకే తెనాలి చేరుతుందని వాదించే స్థితిలో ఆమె లేదు. స్టేషన్‌మాస్టరుగా చేసిన నేను సిగ్గుపడాల్సిన సమాచారమే అది. సర్వీసులో ఉన్నన్నాళ్లూ బండి లేటని చెప్పి ప్లాట్‌ఫారం జనం చేత తిట్లు తిన్నాను. ఇప్పుడు ఆ మాట విని ఒకరు కుదుటపడుతున్నారు. "ఈ రైళ్లెప్పుడూ ఇంతే" అని విసుక్కుని సంచి పక్కన పెట్టుకుని కూర్చుంటుంది. ఈలోగా రెండు ఇడ్లీలు తింటుంది. కొన్ని రోజులు ఇదీ పనిచేయదు, "అయితే బస్సుకు పోతా" అంటుంది. అప్పుడు చెప్పులేసుకుని ఇద్దరం వీధి చుట్టి వస్తాం. గుమ్మం దగ్గరికొచ్చాక "ఇదే ఇల్లు" అని ఆమే నాకు చూపిస్తుంది. ఇది అబద్ధం కాదా అని అడిగేవాళ్లున్నారు. అబద్ధమే. సత్యవ్రతులెవరైనా ఉంటే సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మా ఇంట్లో కూర్చుని ఆ నిజం వాళ్లే చెప్పవచ్చు.

ఇక ఆమె భాషల సంగతి. నేను ఖరగ్‌పూర్‌లో పనిచేసిన రోజుల్లో మా ఆవిడ హిందీ బాగా పట్టుకుంది, కూరల బజారు వరకు బెంగాలీ కూడా. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఒకే భాష వచ్చినవాళ్లకన్నా రెండు అంతకంటే ఎక్కువ భాషలు వచ్చినవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని, అక్షరం రానివాళ్లలోనూ ఆ తేడా కనపడిందని తేల్చారు. సగటు లెక్క ఒక్క మనిషికి అంటగట్టకూడదని తెలుసు. అయినా ఖరగ్‌పూర్ కూరల బజారుకు మనసులో ఓ దండం పెట్టుకుంటాను. ఇప్పుడా భాషల్లో బెంగాలీ ముందు పోయింది, తర్వాత హిందీ. పొన్నూరు తెలుగు మిగిలింది.

ఈ జబ్బుకు పేరొచ్చిన కథలోనూ ఒక రైల్వే మనిషి ఉన్నాడు. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయంలో ఆగుస్టె డేటర్ అనే 51 ఏళ్ల ఆవిడను చేర్చింది ఆమె భర్త కార్ల్, రైల్వే ఉద్యోగి. ఆయన మీద లేనిపోని అనుమానాలతో మొదలై, జ్ఞాపకం తప్పి, రాత్రుళ్లు నిద్ర లేక, దుప్పట్లు ఈడ్చుకుంటూ ఇల్లంతా తిరిగేది. అక్కడ ఆమెను పరీక్షించినవాడు ఆలొయిస్ అల్జీమర్. ఆమె చనిపోయాక మెదడు పరిశీలించి 1906 నవంబరులో ట్యూబింగన్‌లో జరిగిన వైద్యుల సభలో వివరించాడు. 1910లో మనోవైద్యుడు క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టాడు. డాక్టరు పేరు ప్రపంచమంతా తెలుసు, రోగి పేరు చదువుకున్నవాళ్లకు తెలుసు. ఆస్పత్రికి తెచ్చేముందు ఆమెతో ఆ రాత్రుళ్లు కార్ల్ ఎలా నెట్టుకొచ్చాడో ఎవరూ రాసిపెట్టగా నేను చదవలేదు.

కార్ల్‌కు ఏమాత్రం గుర్తింపు దక్కిందో గానీ నాకైతే కావలసినదానికన్నా ఎక్కువే దక్కుతోంది. మగవాడై ఉండి ఎంత సేవ చేస్తున్నాడో అని వీధంతా మెచ్చుకుంటుంది. మా పక్క సందులోనే పక్షవాతం తర్వాత మతి తప్పిన భర్తను ఒక ఇల్లాలు చూసుకుంటోంది. ఆయన్ను లేపి కూర్చోబెట్టేది ఆమె, మూత్రం గుడ్డలు ఉతికేది ఆమె. ఆమెను ఎవరూ పొగడగా వినలేదు. డిమెన్షియా ఉన్నవాళ్లను చూసుకునే గంటల్లో 70 శాతం ఆడవాళ్లవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. పట్నాలకన్నా పల్లెల్లో ఎక్కువ, మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ. ఇన్ని ఇళ్లలో జరుగుతున్న పనికి నేర్పే బడి ఎక్కడుంది? చంటిపిల్లకు నీళ్లుపోయడం అమ్మమ్మలు నేర్పారు. ముసలి మనిషికి నీళ్లుపోయడం మాత్రం ఎవరి తిప్పలు వాళ్లు పడి నేర్చుకోవాల్సిందేనా?

మందుల గురించి రెండు ముక్కలు. డోనెపెజిల్, మెమాంటిన్ లక్షణాలను కొంతకాలం కొంతమేర తగ్గిస్తాయి, జబ్బును మాన్పవు. మా డాక్టరు మొదటి రోజే ఈ మాట దాచకుండా చెప్పారు, అది మేలైంది. మతిమరుపు అనగానే ఇదేనని తేల్చుకోకుండా థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించాలి. వాటి లోపం వల్ల వచ్చే మరుపును చాలావరకు సరిచేయవచ్చు. ఇంకోటి. అప్పటిదాకా ఒకలా ఉన్న మనిషి ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా మారిపోతే, లేనివి కనపడుతున్నాయంటే, రాత్రంతా అరుస్తుంటే జబ్బు ముదిరిందని సరిపెట్టుకోవద్దు. మా ఇంట్లో అది మూత్రంలో ఇన్ఫెక్షను. యాంటీబయాటిక్స్‌తో దిగిపోయి మునుపటి మనిషి తిరిగొచ్చింది.

డబ్బు సంగతి మాట్లాడటానికి మన ఇళ్లలో మొహమాటం. జబ్బు తెలియగానే, ఆ మనిషికి ఇంకా అర్థమవుతున్నప్పుడే ఖాతాలు జాయింటుగా మార్చుకోవాలి, నామినీలు చూసుకోవాలి, వీలునామా రాయాలనుకుంటే రాయించాలి. పవరాఫ్ అటార్నీ రాయించుకున్నాం గదా అని ధీమాగా ఉండకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఇచ్చిన మనిషి మతి స్థిమితం కోల్పోతే ఆ అధికారం చెల్లదు. సరిగ్గా అవసరమైన రోజునే అది చిత్తు కాగితం అవుతుంది.

ఈ జబ్బున్నవాళ్లను చూసుకునేవాళ్ల కోసం 1981లో అమెరికాలో మేస్, రాబిన్స్ రాసిన పుస్తకం పేరు ‘ది థర్టీ సిక్స్ అవర్ డే’. ముప్ఫై ఆరు గంటల రోజు. పేరు చాలు, లోపల ఏముందో తెలిసిపోతుంది. మాకు కావలసింది అందులోంచి ఓ గంట. మా ఆవిడను కనిపెట్టుకుని ఎవరైనా గంట కూర్చుంటే నేను బ్యాంకుకు వెళ్లొస్తాను, లేదంటే ముసుగుతన్ని పడుకుంటాను. పక్క సందు ఇల్లాలికీ అంతే. సలహాకైనా అడిగే దిక్కు లేనివాళ్లకు కేంద్ర ప్రభుత్వ ఎల్డర్‌లైన్ 14567 ఉంది. మనసు తట్టుకోలేకపోతే టెలీ మానస్ 14416కు చేయవచ్చు. కానీ ఫోను వచ్చి కూర్చోదు. మనిషే రావాలి.

మీ వీధిలోనూ అలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. ఏ వేళకు రమ్మంటారో ముందు కనుక్కుని వెళ్లండి. చేతిలో చిక్కుడుకాయలో మల్లెమొగ్గలో ఉంటే మంచిది. "నన్ను గుర్తుపట్టారా?" అని మాత్రం పరీక్ష పెట్టకండి. మీ పేరు మీరే చెప్పి పక్కన కూర్చోండి.