ప్రాణముతో మాట్లాడుట: 42, 43 కీర్తనల వెలుగులో ఒక పరిశీలన

తన్ను తాను నిందించుకొనే విశ్వాసితో "అలా అనుకోవద్దు, వాక్యం పలుకు" అని చెప్పడం మన కాపరులకు అలవాటు. ఈ సలహా వెనుక రెండు వేర్వేరు బోధలున్నాయి, మనం వాటిని కలిపివేస్తున్నాము. ఒకటి 1952లో నార్మన్ విన్సెంట్ పీల్ వ్రాసిన 'ది పవర్ ఆఫ్ పాజిటివ్ థింకింగ్'. అందులో వచనం మనోబలాన్ని పెంచే సాధనమవుతుంది. అంతకుమించి దానిని గూర్చి చెప్పవలసినది లేదు. రెండవది 1965లో వెలువడిన మార్టిన్ లాయిడ్-జోన్స్ ప్రసంగాల సంపుటి 'స్పిరిచువల్ డిప్రెషన్'. ఇది గంభీరమైనది. ఆయన వైద్యవృత్తిని విడిచి 1927లో వేల్స్‌లో సేవకు వెళ్లిన వ్యక్తి. క్రుంగుదలకు శరీరస్థితి, స్వభావం కూడ కారణాలని ఒప్పుకున్నాడు. కీర్తనకారుడు తన ప్రాణం చెప్పేది వింటూ కూర్చోక దానినే నిలదీశాడని ఆయన చూపిన అంశాన్ని మేము ఎన్నోసార్లు ప్రసంగించాము, ఇకముందు కూడ ప్రసంగిస్తాము.

మా అభ్యంతరం ఒక్కటే. ఆ ప్రసంగానికి ఆధారం 42:5, 11 వచనాలు. కాని అదే పల్లవి 43:5లో మూడవసారి వస్తుంది. చాలా హెబ్రీ ప్రతులలో ఈ రెండు కీర్తనలు ఒక్కటే. ఒక్కసారి నిలదీసినందుకు ప్రాణం నెమ్మది పొందలేదన్నమాట. పల్లవిలో ప్రాణపు కలవరానికి వాడిన 'హామా' అనే హెబ్రీ క్రియనే 46:3లో సముద్రఘోషకు వాడారు. అంతటి హోరు ఎక్కడనుండి వచ్చింది? 42:3, 10 చూడండి. నీ దేవుడు ఎక్కడ అని శత్రువులు దినమెల్ల అడుగుతున్నారు. లోపలి మాట మొదట బయటి మాటే. (2 కొరింథీ 10:5ను కూడ మనం మనసులోని దిగులుకే అన్వయిస్తున్నాము; అక్కడ పౌలు ఎదుర్కొన్నది దేవుని గూర్చిన జ్ఞానానికి అడ్డువచ్చే వాదాలను.)

ఈ సంగతి మేము ఆలస్యంగా నేర్చుకున్నాము. మా సంఘంలో ఒక దళిత యువకుడు "నేను దేనికీ పనికిరానండీ, అయ్యగారూ" అనేవాడు. ఫిలిప్పీ 4:13 కంఠస్థం చేయించాము. కొన్ని నెలల తరువాత, వాక్యం వచ్చింది గాని మాట పోలేదని అతడే చెప్పాడు. అప్పుడు గాని ఆ మాట మొదట ఎవరన్నారని అడగాలని మాకు తోచలేదు. ఏడవ తరగతిలో ఒక ఉపాధ్యాయుడు కులం పేరెత్తి అందరి ముందు అన్న మాట అది. అతని అవిశ్వాసమని మేము ఎంచినది అతనికి జరిగిన అన్యాయం.

కీర్తనకారుడు తన ప్రాణంతో మాత్రమే మాట్లాడి ఊరుకోలేదు. నన్నెందుకు మరచితివని 42:9లో దేవుణ్ణే అడిగాడు. 43:1లో తన పక్షాన న్యాయం తీర్చమన్నాడు. మూడవ పల్లవి ఈ వ్యాజ్యం తరువాతనే వస్తుంది. ఆ యువకునితో ప్రార్థించేటప్పుడు ఇప్పుడు మేము 43:1తో మొదలుపెడుతున్నాము. మొదటిసారి అతడు దానిని పైకి చదవలేక ఆగిపోయాడు. మేము కూడ తొందరపెట్టలేదు.