కర్తను దాచని కథ

"కాల్పులు జరిగాయి" అని మన పత్రికలు రాస్తుంటాయి, వాన పడిందన్నంత తేలిగ్గా. కాల్చిందెవరో ఆ వాక్యంలో ఉండదు. పలాస, టెక్కలి పల్లెల్లో అదే సంగతిని జముకుల కథగా కడితే ఆ వెసులుబాటు దొరకదు. కథలో దుర్మార్గుడికో పేరుండాలి, వాడేం చేశాడో చెప్పాలి. నా లెక్కన ఈ కళలో రాజకీయం అక్కడే మొదలైంది. ఎర్రజెండా తర్వాత వచ్చింది.

జముకు చిన్న వాయిద్యం. గొట్టానికి ఒక వైపు తోలు, ఆ తోలు నడుమ నుంచి నరంతో చేసిన తీగ. చంకలో ఇరికించుకుని తీగను బిగిస్తూ, సడలిస్తూ మీటితే అదే మోత ఒకసారి మూలుగులా, ఇంకోసారి గద్దింపులా వినిపిస్తుంది. ఎల్లమ్మ కథలు ఉత్తరాంధ్రలో దీని మీదే నడిచాయి. కథకుడు చరణం ఎత్తుకుంటాడు, వంతలు అందుకుంటారు. మధ్యలో ఒక వంత కథను ఆపి, "ఆడెవడు బాబూ? ఆడికీ బూవి ఏ పక్క నుంచొచ్చింది?" అన్నట్టు నిలదీస్తాడు. కరణం ముందో, దొర ముందో నోరు పెగలని ప్రశ్న ఇక్కడ ఆటలో భాగం. కథకుడు జవాబు చెప్పకుండా ముందుకు పోలేడు. విన్న జనం ఆ జవాబును ఇంటికి మోసుకుపోతారు.

పలాస దగ్గరి బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి ఈ కిటుకును పట్టుకున్నాడు. శ్రీకాకుళ గిరిజన పోరాటాన్ని జముకుల కథగా కట్టాడు. చట్రం జోలికి పోలేదు, అమ్మవారి చోట కూలిజనాన్ని నిలబెట్టాడు. 1969 డిసెంబరులో పోలీసులు ఆయన్ని చంపారు. "ఎన్‌కౌంటర్‌లో మరణించాడు" అని రాస్తే పోలీసులు మళ్ళీ వాక్యంలోంచి తప్పుకుంటారు.

అంతకు ముందూ ఈ నేల మీద మాటల తగువు ఉంది. మందస అడవిలో కట్టె కొట్టడం జమీందారు లెక్కలో నేరం, రైతు లెక్కలో హక్కు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, అదే మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసులు సాసుమాన గున్నమ్మను, మరికొందరు రైతుల్ని కాల్చి చంపారు. జనం ఆమెను వీరగున్నమ్మ అన్నారు. ఏ సర్కారూ ఇచ్చిన బిరుదు కాదది.

థర్మల్ విద్యుత్ కేంద్రాల రోజులకొస్తే పోరు భూమి పేరు మీదే సాగింది. సోంపేటలో పంట పండే, చేపలు దొరికే, పశువులు మేసే తడినేలను ఊరివాళ్ళు బీల అన్నారు. ప్రభుత్వ కాగితాలు దాన్ని పనికిరాని నేల అన్నాయి. అలా అన్నాక కంపెనీకి కేటాయించడం ఎంతసేపు? 2010 జూలై 14న సోంపేటలోను, 2011 ఫిబ్రవరి 28న టెక్కలి వైపు కాకరాపల్లిలోను పోలీసులు కాల్చారు, మనుషులు చచ్చిపోయారు. నిరసన శిబిరాల్లో జనం "ప్రభావిత కుటుంబాలు" అనే మాటను నెత్తికెత్తుకోలేదు. మా బీల అన్నారు, కాకరాపల్లి తడినేలను మా తంపర అన్నారు. "మా" అన్న ఆ ఒక్క అక్షరం ముందు భూసేకరణ పరిభాష అంతా వెలవెలబోయింది.

ఉద్యమ పాటలన్నీ గొప్పవేమీ కావు. "భూస్వామ్య వ్యవస్థ", "దోపిడీ వర్గాలు" అంటూ కరపత్రాన్ని చరణాలుగా కోసి పాడినప్పుడు వంత తడబడుతుంది, నిలదీయడానికి సందు దొరకదు. వక్త ఒక్కడే మిగులుతాడు. సర్కారు భాషలాగే అదీ పై నుంచి దిగే భాషే. సిద్ధాంతం "ఆడెవడు?" దాకా దిగినప్పుడే ఈ పల్లెల్లో నిలిచింది.

ఇప్పుడు జముకు పట్టగలిగినవాళ్ళు తగ్గిపోతున్నారు. ఫోనుల్లోనైనా వాళ్ళ కథలు రికార్డు చేస్తున్న కుర్రాళ్ళకు ఒక్క మనవి: కెమెరాను కథకుడి మీదే బిగించేయకండి, వంతల్ని కూడా చట్రంలో ఉంచండి, వాళ్ళడిగే ప్రశ్నల్ని ఎడిటింగులో కోసేయకండి.