కథాకావ్యాలలో సమాజ చిత్రణ: ఛాసర్ కథలు, బొబ్బిలి గాథ

కథాకావ్యం తన కాలపు సమాజానికి అద్దం వంటిదని తరచుగా అంటారు. ఆ మాట కొంతవరకే నిజం. అద్దం తన ఎదుట ఉన్నదంతా చూపుతుంది. కవి శ్రోతలు వినగోరిన దానినే ఎక్కువగా చూపుతాడు. కనుక కథలో ఎవరున్నారన్నది చూస్తే చాలదు, ఎవరికి ఏ స్థానం దక్కిందో కూడా చూడాలి. ముస్లిం పాత్రల విషయంలో ఈ పరిశీలన మరీ అవసరం.

ఆంగ్లకవి జాఫ్రీ ఛాసర్ (మరణం 1400) రచించిన ‘కాంటర్‌బరీ కథలు’ ఇందుకు మంచి ఉదాహరణ. యాత్రకు బయలుదేరిన సుమారు ముప్పై మంది దారిలో చెప్పుకునే కథలివి. యోధుడు, వర్తకుడు, సన్యాసిని, రైతు – 14వ శతాబ్దపు ఇంగ్లండు ఇందులో కళ్ళకు కడుతుంది. యాత్రికులలోని వైద్యుని పాండిత్యం చెప్పవలసి వచ్చినపుడు కవి అల్ రాజీ, ఇబ్నె సీనా, ఇబ్నె రుష్ద్ వంటి మహనీయులను పేర్కొన్నాడు. అదే గ్రంథంలో న్యాయవాది చెప్పిన కథలో సిరియా సుల్తాను తల్లి విందులో సొంత కొడుకునే చంపిస్తుంది. విద్య ప్రస్తావనలో ముస్లిం గురువు. కథలోకి వచ్చేసరికి ముస్లిం ద్రోహి. ఆనాటి ఆంగ్ల సమాజం ఈ రెండు చిత్రాలనూ ఒకే గ్రంథంలో స్వీకరించింది.

ఈ దృష్టితో పరిశీలించదగిన గాథ ఉత్తరాంధ్రలో బొబ్బిలి కథ. ఇది మధ్యయుగానికి చెందినది కాదు. 1757 జనవరి 24న జరిగిన యుద్ధం దీని వస్తువు. అయినా పూర్వపు వీరగాథల బాణీలోనే జంగం కథగా ప్రజలలో నిలిచింది. నిమ్మాడ, టెక్కలి, పలాస ప్రాంతం కూడా ఆనాడు శ్రీకాకుళం సర్కారులోనిదే. ఉత్తర సర్కారులను 1753లో సలాబత్ జంగ్ ఫ్రెంచివారికి అప్పగించాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ విజయనగర ప్రభువు విజయరామరాజు పక్షాన బొబ్బిలి కోటను ముట్టడించాడు.

బుస్సీ దివాను హైదర్ జంగ్‌ను గాథ లంచగొండిగా చిత్రించింది. ఇది విని నొచ్చుకునే ముస్లిం పాఠకుడు ఉండవచ్చు. దీన్నే ముస్లింల స్వభావంగా ఎంచేవారూ ఉండవచ్చు. ఇద్దరూ గాథను సగమే విన్నట్లు. తాండ్ర పాపారాయుని బాకు చివరకు ఎవరి గుండెలో దిగింది? హైదర్ జంగ్ గుండెలో కాదు, బుస్సీ గుండెలో కాదు, విజయరామరాజు గుండెలో. అసలు దోషం ఇరుగుపొరుగు ప్రభువుల పగదేనని గాథ ఇచ్చిన తీర్పు అది. ఇందులో మతయుద్ధం లేదు. ఆ పగకు కాలువ నీళ్ళ తగవు కూడా ఒక కారణమని ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ వ్రాశాడు. ఆ నీళ్ళతో పంట పండించిన రైతుకు మాత్రం గాథలో చోటు దక్కలేదు. కోటలోని స్త్రీల మరణాన్ని పరువు పేరిట కీర్తించడమే గాని, ఆ స్త్రీల మనసేమిటో గాథ అడగలేదు. నిజమైన లోపాలు ఇవి.

మరొక విషయం గమనార్హం. 17వ శతాబ్దంలో శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట వచ్చిన పెద్దారాయుడు ఈ సంస్థానాన్ని స్థాపించాడని బొబ్బిలి వంశచరిత్ర చెబుతుంది. షేర్ అంటే పులి. తన ప్రభువు పేరు నిలిచేలా పెద్దారాయుడు ఊరికి పెబ్బులి అని పేరు పెట్టాడనీ, అదే బొబ్బిలి అయిందనీ ఆ చరిత్ర వివరిస్తుంది. హైదర్ జంగ్ ఎవరో గాథ విన్నవారికి తెలుసు. షేర్ మహమ్మద్ ఖాన్ ఎవరో ఆ ఊరి పేరు పలికేవారిలో ఎందరికి తెలుసు?

గాథ కలహాన్ని గుర్తుంచుకుంటుంది. సఖ్యం ఊరి పేరులో కలిసిపోతుంది. కనుక గాథను తోసిపుచ్చరాదు, దానినే సంపూర్ణ చరిత్రగానూ స్వీకరించరాదు. ఊరి పేరునూ పాటనూ కలిపి చదివినపుడే ఆనాటి సమాజం కనిపిస్తుంది.